విశాఖ గాలికి 3.5 సీసీ నైట్రో ఇంజనును దారికి తెచ్చిన వైనం: ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి సెలవుల తర్వాత

రిమోటుతో నడిచే ఎనిమిదో వంతు స్కేలు మోడల్ కారు (బగ్గీ) ఒకటి, చాలాకాలం అటక మీద పడి ఉన్నది, తక్కువ ధరకు దొరికింది. ఛాసీ, షాకులు, గేర్లు వాడుకోదగ్గ స్థితిలోనే ఉన్నాయి గాని ఇంజను మాత్రం బిగుసుకుపోయింది. ఇది రెండు స్ట్రోకుల గ్లో ఇంజను (స్పార్కుతో కాక, ఎర్రగా కాలిన తీగతో ఇంధనాన్ని అంటించే రకం), పరిమాణం 0.21 ఘనపుటంగుళాలు, అంటే మన లెక్కలో దాదాపు 3.5 సీసీ. పుల్ స్టార్టు తాడు అంగుళం కూడా బయటికి రాలేదు. ఇలాంటప్పుడు తాడును బలంగా లాగితే తెగేది తాడైనా కావాలి, లోపలి వన్‌వే బేరింగైనా కావాలి; కాబట్టి దాని జోలికి పోకుండా ముందు గ్లో ప్లగ్‌ను, వెనక మూతను విప్పి లోపల ఏముందో చూశాను.

అనుకున్నట్టే పిస్టన్ చుట్టూ గోధుమరంగు జిగురు గట్టిపడి ఉంది. ఈ ఇంజన్ల ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్‌లతో పాటు కందెన నూనె కూడా కలిసే ఉంటుంది, ఆ నూనెలో చాలాసార్లు కొంత భాగం ఆముదం. విపరీతమైన వేడిలోనూ లోహాన్ని వదలకుండా అంటిపెట్టుకోవడంలో ఆముదానికి సాటి వచ్చే నూనెలు తక్కువే అయినా, వాడకం ఆపి వదిలేస్తే అదే ఆముదం వార్నిష్‌లాగా ఎండి పిస్టన్‌ను అది కదిలే గొట్టానికి, అంటే స్లీవ్‌కు, అతికిస్తుంది. ప్లగ్ రంధ్రంలోనూ ఎగ్జాస్టు ద్వారంలోనూ పలుచని నూనె వేసి రాత్రంతా ఉంచి, మర్నాడు జుట్టు ఆరబెట్టుకునే డ్రయరుతో ఇంజనును బయటి నుంచి వేడిచేసి, ఫ్లైవీల్‌ను చేత్తో అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడిస్తే పిస్టన్ వదిలింది. ఎగ్జాస్టు ద్వారంలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి పిస్టన్‌ను పొడవమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. స్లీవ్ లోపలి క్రోమ్ పూత మీద ఒక్క గీత పడినా ఆ ఇంజను కథ ముగిసినట్టే.

పిస్టన్ తిరిగాక అసలు జబ్బు బయటపడింది. పిస్టన్ కదలికను తిప్పుడుగా మార్చే క్రాంక్ తిరుగుతుంటే ఇసుక నలిగిన చప్పుడు వినిపిస్తోంది, అంటే వెనక బేరింగుకు తుప్పు పట్టింది. సముద్రం దగ్గరి ఊళ్లో ఇది వింత కాదు. ఎంవీపీ కాలనీలో కిటికీ ఊచలకే ఏటా రంగు వేయించుకోవాల్సి వస్తుంటే, తేమను గాలిలోంచి లాగేసుకునే మిథనాల్‌ను, కాలిన నైట్రోమీథేన్ మిగిల్చే ఆమ్లపు మడ్డిని కడుపులో పెట్టుకున్న ఉక్కు బేరింగు ఎన్నాళ్లు నిలుస్తుంది?

గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేసే మేస్త్రి ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. "ఇదేటి బాబూ, ఇంత సిన్న ఇంజినుకి రెండు బేరింగులా!" అని ఆశ్చర్యపోయినా, పని మాత్రం శ్రద్ధగా చేశారు. క్రాంక్‌కేసును 150 డిగ్రీల దాకా వేడిచేసి చెక్క మీద ఒక్కసారి తట్టగానే వెనక బేరింగు తనంతట తానే జారి పడింది. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ వేడిలో గూడు వదులవుతుంది. సుత్తితో కొట్టాల్సిన పని లేదు. కొత్త బేరింగులు కూడా అలాగే, వేడి గూటిలోకి చల్లని బేరింగును జారవిడిచి ఎక్కించారు.

ఫిబ్రవరి మొదట్లో

మొదటి స్టార్టు. గ్లో ఇంజనులో స్పార్కు ఉండదు, దాని సమయాన్ని లెక్కగట్టే ఏర్పాటూ ఉండదు. ప్లగ్‌లో ప్లాటినం కలిసిన సన్నని తీగచుట్ట ఒకటి ఉంటుంది. మొదట దాన్ని ఒకటిన్నర వోల్టుకు మించని బ్యాటరీతో ఎర్రగా కాల్చాలి; ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేసినా, ప్లాటినం మీద మిథనాల్ ఆవిరి జరిపే ఉత్ప్రేరక చర్య, కంప్రెషన్ పుట్టించే వేడి కలిసి ఆ తీగను వెలుగుతూనే ఉంచుతాయి. 1947లో రే ఆర్డెన్ అనే అమెరికన్ ఈ ప్లగ్‌ను బజారులోకి తెచ్చాక మోడల్ విమానాల మీద కాయిల్, కండెన్సర్, బరువైన బ్యాటరీ మోయాల్సిన అవసరం తప్పింది. అయితే మిశ్రమం ఎప్పుడు అంటుకోవాలో చెప్పే మీట మన చేతిలో లేదు. ఇంధనం పాలు, ప్లగ్ వేడి రకం, కంప్రెషన్, ఆనాటి గాలి, ఇవన్నీ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. ఈ డైరీలో రాసుకుంటున్నదంతా ఈ నాలుగింటి మధ్య పొత్తు కుదిర్చే ప్రయత్నమే.

ప్లగ్ విప్పి ఇగ్నైటర్‌కు (ప్లగ్ తీగను కాల్చే బ్యాటరీ పరికరానికి) తగిలించి చూస్తే తీగ మొత్తం నారింజ రంగులో వెలిగింది. ఒక చుట్టు మాత్రమే వెలిగితే ఆ ప్లగ్ పనికిరాదు, ఎరుపు మసకగా ఉంటే ఇగ్నైటర్ బ్యాటరీని చార్జి చేయాలి. ట్యాంకులో 20 శాతం నైట్రోమీథేన్ ఉన్న ఇంధనం పోసి, సైలెన్సర్ చివర వేలు అడ్డుపెట్టి తాడును మెల్లగా లాగితే, ఎగ్జాస్టు ఒత్తిడి ట్యాంకులోకి వెళ్లి ఇంధనాన్ని గొట్టంలోకి నెట్టింది. ఇంధనం కార్బురేటరు దాకా వచ్చిందో లేదో పారదర్శకమైన సిలికాన్ గొట్టంలో కంటికి కనిపిస్తుంది. వచ్చిన వెంటనే వేలు తీసేయాలి. ఇంకా లాగితే ఇంధనం పిస్టన్ మీద నిండి, ద్రవం కుదించుకోదు కాబట్టి తాడు మళ్లీ బిగుసుకుంటుంది. అలా జరిగితే ప్లగ్ విప్పి, ఇంజనును తలకిందులు చేసి, ఇంధనమంతా చిమ్మిపోయేదాకా తిప్పడం తప్ప మార్గం లేదు. తాడును ఎప్పుడూ పూర్తి పొడవు లాగకూడదు. చిన్న చిన్న చురుకైన లాగుళ్లు చాలు.

ఇంజను అందుకుంది. తెల్లని పొగ, కాలిన ఆముదం వాసన, చెవులు చిల్లులు పడే మోత. మా మేనల్లుడు రిమోటు పట్టుకుని చిందులు వేశాడు. కాసేపటికి ఇంజను ఆగిపోయింది, ఇక ఎంత లాగినా అందుకోలేదు. "ప్లగ్ కాలిపోయిందేమో మావయ్యా" అన్నాడు. ప్లగ్ బాగానే ఉంది. తడిగుడ్డ తీసుకుని ఇంజను తల మీద కాసేపు వేసి ఉంచి లాగితే వెంటనే అందుకుంది. చల్లగా ఉంటే పలికి, వేడెక్కితే మూగబోయే ఇంజనుకు రోగనిర్ధారణ ఒక్కటే: పైభాగాన పిస్టన్‌కు పట్టు పోయింది.

ఈ పట్టు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే కార్లు బైకులు బాగుచేసే అనుభవం ఇక్కడ పక్కదారి పట్టిస్తుంది. ఈ ఇంజను పిస్టన్‌కు రింగులు లేవు. అల్యూమినియం పిస్టన్, లోపల క్రోమ్ పూత వేసిన ఇత్తడి స్లీవ్; ఆ స్లీవ్ పైకి పోయేకొద్దీ వెంట్రుకవాసి ఇరుకవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకొసన ఇరుక్కుని ఆగుతుంది, నడిచే వేడికి వచ్చేసరికి ఇత్తడి ఎక్కువగా సాగి ఆ ఇరుకు సరిగ్గా సరిపడే అమరికగా మారుతుంది. ఆ ఇరుకు అరిగిపోయిన ఇంజనులో వేడెక్కిన కొద్దీ కంప్రెషన్ పిస్టన్ పక్కనుంచి జారిపోతుంది. ఇంధనం పాలు సవరించే కార్బురేటరు సూదులు తిప్పి ఈ లోపాన్ని సరిచేయలేము. కొత్త పిస్టన్, స్లీవ్, కనెక్టింగ్ రాడ్ సెట్టు ఆర్డరు పెట్టాను.

ఫిబ్రవరి చివర

ఎక్కడ నడపాలన్నది వేరే సమస్య. ఈ మోతకు కాలనీలో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. చూసిన ప్రతివాళ్లూ ఆర్కే బీచికి తీసుకెళ్లమంటారు. ఇసుక, ఉప్పుగాలి రెండూ ఈ ఇంజనుకు బద్ధశత్రువులు: కార్బురేటరులోకి వెళ్లిన ఇసుక రేణువు ఒక్కటి చాలు, కొత్త స్లీవ్ గీసుకుపోతుంది. పైగా నిండా జనం ఉండే చోట ఇంత వేగంగా పోయే వస్తువును వదలడం నేరంతో సమానం. భీమిలి దారిలో ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్ ఒకటి, గట్టి నేల, సిమెంటు రోడ్లు ఉన్నది, యజమాని అనుమతితో ఖాయం చేసుకున్నాను. అక్కడి ఎర్రమట్టి దుమ్ము సన్నం కాబట్టి ఎయిర్ ఫిల్టర్ స్పాంజికి ఫిల్టర్ నూనె పట్టించి పిండి మరీ తొడగాలి; పొడి స్పాంజి ఆ దుమ్మును ఆపదు.

ఇంధనం విషయంలో ఇంట్లో పెట్టుకున్న నియమాలు: మిథనాల్ విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది కాబట్టి తొడుగులు లేకుండా డబ్బా మూత తీయము. దాని మంట పగటి వెలుగులో దాదాపు కంటికి ఆనదు, అందుకని వేడి ఇంజను ఉన్న బండిలో ఇంధనం పోసేటప్పుడు ఒలికితే ఆరేదాకా ఇగ్నైటర్ పెట్టము. మూత క్షణం కూడా వదులుగా ఉంచము. ఈ ఊరి గాలి తేమను మిథనాల్ ఇట్టే పీల్చేస్తుంది, నీళ్లు చేరిన ఇంధనంతో ఏ సర్దుబాటూ నిలవదు. రిమోటు సిగ్నల్ తెగితే బ్రేకు పడేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, రిమోటు ఆపి పరీక్షించాకే ఇంజను స్టార్టు చేస్తాము.

కొత్త సెట్టు వచ్చింది. పట్టు ఎంత గట్టిగా ఉందంటే పిస్టన్ పైకొసకు వచ్చి కదలనంది. డ్రయరుతో తలను 90 డిగ్రీల దాకా వేడిచేసి, అప్పుడు లాగితే సులువుగా తిరిగి అందుకుంది. కొత్త ఇంజనును ట్యాంకులకు ట్యాంకులు బాగా రిచ్‌గా (ఇంధనం పాలు ఎక్కువగా), చల్లగా నడిపి సాధు చేయాలన్నది పాత పద్ధతి. నేను దాన్ని ఒప్పుకోను. చల్లగా నడిచినంతసేపూ పిస్టన్ ప్రతి చుట్టులోనూ ఆ ఇరుకులోకి బలవంతంగా దూరి బయటికి వస్తుంది. పట్టు అరిగేది, కనెక్టింగ్ రాడ్ మీద భారం పడేది అప్పుడే. అందుకే మిశ్రమం రిచ్‌గానే ఉంచి, తలకు గుడ్డ చుట్టి, వేడి 90 నుంచి 100 మధ్య నిలబెట్టాను. ట్యాంకు అయిపోగానే ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ను కింది కొసకు తెచ్చి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ వేడిచేసి నడిపాను. పిస్టన్ పైనే ఉండగా చల్లారితే స్లీవ్ దానిమీదే ముడుచుకుని సాగిపోతుంది. తర్వాతి ట్యాంకులు లేఅవుట్ రోడ్ల మీద, సగం థ్రాటిల్ దాటకుండా.

మార్చి, ట్యూనింగ్ మొదలు

కార్బురేటరు మీద మూడు స్క్రూలు. పై వేగానికి ఒక సూది, కింది వేగానికి ఒక సూది, థ్రాటిల్ పూర్తిగా మూసుకోకుండా ఆపి, బండి నిలబడినప్పటి ఇంజను వేగాన్ని (ఐడిల్‌ను) నిలిపే ఐడిల్ స్క్రూ. లోపలికి తిప్పితే ఇంధనం తగ్గి లీన్, బయటికి తిప్పితే రిచ్. వరుస మార్చకూడదు: ఇంజను పూర్తిగా వేడెక్కాక ముందు పై సూది, తర్వాత కింది సూది, ఆఖరున ఐడిల్. కింది దారిలో వచ్చే ఇంధనం కూడా పై సూదిని దాటుకునే వస్తుంది కాబట్టి ముందు కింది దాన్ని సరిచేసుకుంటే ఆ శ్రమ వృథా. ఒక్కో సవరణ గడియారం ముల్లు ఒక గంట జరిగినంత, అంటే చుట్టులో పన్నెండో వంతు. కింది సూదికి అందులో సగం. సవరించాక బండిని రోడ్డు మీద ఒకటి రెండు చుట్లు గట్టిగా పరుగెత్తించి చూడకుండా రెండో సవరణ చేయకూడదు.

మొదటి రోజే చిక్కు వచ్చింది. ఐడిలింగ్ ఒకసారి పైకి పోతుంది, ఒకసారి పడిపోతుంది, ఒక్క సవరణకూ మాట వినదు. పొద్దున కుదిరిన సూది పావుగంటకు కుదరదు. ఇలా నిలకడ లేకపోతే సూదులను వదిలేసి గాలి ఎక్కడ దొంగతనంగా చొరబడుతుందో వెతకాలి. ట్యాంకు విప్పి, గొట్టాలు ఒక్కటి తప్ప మూసి, సైకిల్ షాపులో పంక్చరైన ట్యూబును ముంచినట్టు బకెట్ నీళ్లలో ముంచి ఊదితే మూత రబ్బరు దగ్గర సన్నని బుడగల తీగ లేచింది. కార్బురేటరు మెడ దగ్గరి ఓ-రింగు కూడా ఎండి పగిలి ఉంది. ట్యాంకు మూత రబ్బరు మార్చి, మెడకు కొత్త ఓ-రింగుతో పాటు వేడికి ఆగే సిలికాన్ పూసి, ఒక రోజు ఆరనిచ్చాను. మర్నాడు ఇంజను గొంతే మారిపోయింది.

పై సూది సరిపోయిందా లేదా అన్నదానికి నా గుర్తులు ఇవి. నేరుగా ఉన్న రోడ్డు మీద పూర్తి థ్రాటిల్‌తో పోతున్నప్పుడు వెనకాల సన్నని నీలి తెలుపు పొగ తీగలా వదలాలి. పొగ దట్టంగా ఉండి, ఇంజను గొంతులో నీళ్లు పుక్కిలించినట్టు గుడగుడమంటూ పూర్తి వేగం అందుకోకపోతే రిచ్. పొగ మాయమై, మోత కీచుమని సన్నబడి, వేగంలో ఉండగానే ఉన్నట్టుండి చచ్చిపోతే లీన్, అదీ ప్రమాదకరమైన లీన్. ఎందుకంటే ఈ ఇంజనుకు వేరే కందెన లేదు, ఇంధనం తగ్గిందంటే నూనె కూడా తగ్గినట్టే. పెట్రోలు ఒక పాలుకు గాలి పద్నాలుగు పాళ్లకు పైగా కావాలి, మిథనాల్‌కు ఆరున్నర పాళ్లు చాలు, తన ఆక్సిజన్ కొంత తానే మోసుకొచ్చే నైట్రోమీథేన్‌కు రెండు పాళ్లు కూడా అక్కర్లేదు. ఈ బుల్లి ఇంజను అంత ఇంధనం ఎందుకు తాగుతుందో, సూది ఒక్క గంట జరిగినా ఎందుకంత తేడా వస్తుందో అందులోనే తెలుస్తుంది.

కింది సూదికి పరీక్ష వేరు. ఐడిల్‌లో ఉండగా ఇంధన గొట్టాన్ని కార్బురేటరు దగ్గర వేళ్లతో నొక్కిపట్టాలి. ఇంజను కొద్దిగా వేగం పెంచి రెండు మూడు సెకన్లలో ఆగితే సరిగ్గా ఉంది. వెంటనే ఆగితే లీన్, ఎంతకూ ఆగక వేగం పెంచుకుంటూ పోతే రిచ్. నొక్కకుండానే చెప్పే గుర్తు ఇంకొకటి ఉంది: వేగంగా వచ్చి థ్రాటిల్ వదిలినప్పుడు మోత వెంటనే దిగకుండా పైనే కాసేపు వేలాడితే కింది సూది లీన్, దిగి, క్రమంగా నీరసించి, మళ్లీ థ్రాటిల్ ఇవ్వగానే గుప్పున పొగ వదిలి తడబడితే రిచ్. మేనల్లుడికి ఈ రెండో గుర్తు నాకంటే బాగా పట్టుబడింది. వాడు కళ్లు మూసుకుని కూడా చెప్పగలడు.

మే, ఉక్కపోతలో

ఈ ప్రాజెక్టు మొత్తంలో రాసి పెట్టుకోవాల్సిన సంగతి ఈ నెలలో తేలింది. మార్చిలో ఉదయం పూట కుదిర్చిన సూదులతో మే సాయంత్రం నడిపితే బండి మందగించింది, పొగ దట్టమైంది, అయినా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మాత్రం తల మీద 118 డిగ్రీలు చూపించింది. మార్చి ఉదయాల చల్లటి గాలిలో ఇదే ఇంజను 106 దగ్గర హాయిగా పరుగెత్తేది. తోటి అభిరుచిగల మిత్రుడు అంకె చూడగానే "వేడెక్కుతోంది, సూది బయటికి తిప్పండి" అన్నాడు. నేను లోపలికి తిప్పాను.

కారణం గాలిలో ఉంది. 22 డిగ్రీల గాలి 34 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు నాలుగు శాతం తగ్గుతుంది. దానిమీద మన ఉక్కపోత: 34 డిగ్రీల దగ్గర తేమ 70 శాతం ఉందంటే ఇంజను పీల్చే గాలిలో మూడున్నర శాతానికి పైగా వట్టి నీటి ఆవిరే, మంటకు పనికిరాని సరుకు. రెండూ కలిపితే ఆ చల్లటి ఉదయాలతో పోల్చినప్పుడు ఇంజనుకు అందే ఆక్సిజన్ ఐదారు శాతం తక్కువ. కార్బురేటరు మాత్రం ఇంధనాన్ని అదే నిష్పత్తిలో తగ్గించదు. కాబట్టి ఏ సూదీ తిప్పకపోయినా మిశ్రమం తనంతట తాను రిచ్ అవుతుంది. ఇక తల వేడి పెరగడం అంటారా, చుట్టూ ఉన్న గాలే పన్నెండు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు తల కూడా దాదాపు అంతే పైకి జరుగుతుంది. అంకె పెరిగినంత మాత్రాన మిశ్రమం లీన్ అయినట్టు కాదు. మా మిత్రుడు చెప్పినట్టు బయటికి తిప్పి ఉంటే ఇప్పటికే ఎక్కువైన ఇంధనం ఇంకా ఎక్కువై, ప్లగ్ తడిసి, ఇంజను మూలన ఆగేది.

పై సూది ఒక గంట లోపలికి తిప్పాక పొగ తీగలాగా సాగింది, వేగం వచ్చింది. తల 120 చూపించింది. ప్లగ్ విప్పి చూస్తే తీగ కొద్దిగా బూడిదరంగుకు తిరిగి, ఆకారం చెడకుండా ఉంది. లీన్ అయి ఉంటే తీగ వంకరపోవడమో తెగడమో జరిగేది, రిచ్ అయి ఉంటే తడిగా కొత్తదానిలాగే మెరిసేది. థర్మామీటరును పారేయమని కాదు. అది ఆరోజు గాలి వేడితో కలిపి చదవాల్సిన పరికరం, ఒంటరిగా తీర్పు చెప్పే పరికరం కాదు. పైగా సముద్రం వైపునుంచి గాలి విసురుగా వీచే సాయంత్రాల్లో బండిని చేతికి తీసుకునేలోపే తల చల్లబడి అంకె తక్కువ చూపిస్తుంది. అందుకని పరుగు ఆపిన వెంటనే, ఎప్పుడూ ప్లగ్ మొదట్లోనే గురిపెట్టి చూస్తాము. నోటుబుక్కులో ఇప్పుడు గాలి వేడి, తేమ, రెండు సూదుల స్థానం, పొగ తీరు రాశాక, ఆఖరి గడిలో తల వేడి రాస్తున్నాము.

జూన్, తొలకరి

వాన పడి వెలిసిన సాయంత్రం గాలి ఒక్కసారిగా చల్లబడితే లెక్క తిరగబడుతుంది. మేలో లోపలికి తిప్పిన సూదితో అలాగే నడిపితే లీన్ అవుతుంది కాబట్టి స్టార్టు చేసే ముందే ఒక గంట బయటికి తిప్పి, అక్కడినుంచి మెల్లగా వెనక్కి వస్తున్నాను. ట్యాంకు సగమయ్యాక ఇంజను లీన్ పోకడలు పోతుంటే సూదిని కాదు, సైలెన్సర్‌ను ఇంజనుకు కలిపే సిలికాన్ జాయింటును చూడాలి. మాది చీలింది, ఒత్తిడి బయటికి పోయి ట్యాంకుకు అందడం లేదు. మార్చగానే నిండు ట్యాంకుకూ అడుగంటిన ట్యాంకుకూ తేడా పోయింది.

ఆట అయ్యాక పని మాత్రం ఎంత చీకటి పడినా వాయిదా వేయడం లేదు. ట్యాంకు ఖాళీ చేసి, గొట్టంలో మిగిలిన ఇంధనం ఆఖరి చుక్క దాకా కాలనిచ్చి, ప్లగ్ రంధ్రంలోనూ కార్బురేటరులోనూ ఆఫ్టర్ రన్ నూనె (ఆట తర్వాత తుప్పు పట్టకుండా వేసే నూనె) చుక్కలు వేసి, ఫ్లైవీల్ తిప్పి, పిస్టన్‌ను కింది కొసన ఆపి, గుడ్డలో చుట్టి సిలికా జెల్ సంచులున్న డబ్బాలో పెడుతున్నాము. జనవరిలో వేసిన వెనక బేరింగు ఇప్పటికీ చప్పుడు లేకుండా తిరుగుతోంది. ముందు బేరింగు సీలు దగ్గర మాత్రం ఫ్లైవీల్ వెనక సన్నని నూనె చెమ్మ కనిపిస్తోంది. అటునుంచి నూనె బయటికి వస్తోందంటే గాలి లోపలికి పోయే దారి కూడా ఉన్నట్టే. ఐడిలింగ్ ఇంకా నిలకడగానే ఉంది, నొక్కుడు పరీక్షలో మూడు సెకన్లు దాటడం లేదు. ఆ రెంటిలో ఏది చెడినా సూది ముట్టుకోకుండా ముందు ఆ బేరింగే మార్పిస్తాను. ఈలోగా ఆటోనగర్ మేస్త్రికి సైజు చెప్పి ఒకటి తెప్పించి ఉంచమన్నాను.